అయిదుగురిని ఒక్కడిగా చేసిన లెక్క

డేటా సైన్సు అని ఇప్పుడు కాలేజీల్లో ఒక చదువు వచ్చింది. అది చదువుతున్న పిల్లలు కనిపించినప్పుడల్లా నన్ను అడుగుతారు, "అంకుల్, మీరు ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?" అని. నరసన్నపేట రైసు మిల్లులో అంటే నవ్వుతారు. నవ్వనీ. మిల్లులో నాకు పాఠం చెప్పినవాడు డిగ్రీ లేని యజమాని. ఆయన నేర్పింది ఒక్కటే: ఒకే బస్తా రెండుసార్లు లెక్కలోకి రాకూడదు. పదకొండేళ్ళు ఆ ఒక్క పనే చేశాను. మిల్లు కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు అట్ట చిరిగిన పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని సూత్రాలు వేయడం నేర్చుకున్నాను. రెండుసార్లు వచ్చిన బస్తాని పసిగట్టడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నా నమ్మకం. ఆ నమ్మకమే ఒక మనిషిని దాదాపు రైలెక్కించేసింది. ఆ సంగతే ఇది.

నేను రిటైరయ్యానని అందరికీ చెప్పుకుంటాను. నిజానికి రిటైరయింది ప్రాజెక్టు. యాభై మూడేళ్ళ వయసులో నేను దాని వెనకాలే ఇంటికొచ్చాను.

ఆ ప్రాజెక్టు పేరు ఎంత పొడుగంటే, ఫ్లెక్సీ మీద రాయించాక తేదీకి చోటు మిగల్లేదు. ఆరు ప్రాంతీయ విశ్వవిద్యాలయాలు, వాటి నెత్తిన మహానగరంలో ఒక పెద్ద సంస్థ, అన్నీ కలిపి ఒక పరిశోధన నెట్‌వర్క్. మన తీరంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో కనుక్కోవడం దాని పని. మంచి పనే, కాదనను. మిల్లు వదిలి అందులో డేటా ఎక్కించే ఉద్యోగంలో చేరాను. మొదటి ఏడాది మేము కనుక్కున్నది మాత్రం లోగో. దానికి ఏడు సమావేశాలు పట్టాయి. ఒకరు మూత్రపిండం ఉండాలన్నారు, ఒకరు కెరటం ఉండాలన్నారు, ఇంకొకరు రెండు చేతులు ఉండాలన్నారు. అన్నీ కలిపి గీయించాక అది అచ్చం జీడిపప్పులా వచ్చింది. పలాసలో ఆ బ్యానరు కడితే కిలో ఎంతని అడిగేవారు.

ఎనిమిదో సమావేశం వివరాల ఫారం గురించి. ఊళ్ళకు వెళ్ళి రక్తం తీసేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక ఫారం నింపాలి. ఫారం ఒక పేజీ దాటకూడదని పెద్ద సంస్థ ఆదేశం. ఈమెయిలు గడి పెట్టాల్సి వచ్చింది, చోటు లేదు. ఏది తీసేద్దామని అరగంట చర్చించి తండ్రి పేరు తీసేశారు. "ఈ కాలంలో తండ్రి పేరుతో పనేముంది, ఈమెయిలు ఉంటే నేరుగా మనిషినే పట్టుకోవచ్చు" అన్నారు ఒక పెద్దాయన. అందరూ తలూపారు. నేనూ ఊపాను. అది మీటింగులో నా మొదటి తలూపు కాబట్టి బాగా గుర్తు.

మా జట్టులో నలుగురం. జీవశాస్త్ర విభాగం ప్రొఫెసరు గారు, జీపు డ్రైవరు, ల్యాబ్ టెక్నీషియను, నేను. టెక్నీషియనుది గజపతినగరం. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి, ఆపైన ఒక గంట అందర్నీ తిట్టే ఓపిక ఉన్న మనిషి. కంప్యూటరు మీద ఆమెకు గురి లేదు. ఎక్కువ వచ్చిన ప్రతి ఫలితాన్నీ సీసా నంబరుతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకునేది. "ఎందుకమ్మా ఈ చాదస్తం" అంటే, "మీ పెట్టె సచ్చిపోతే నా పుస్తకం బతికుంటాదండి మాస్టారూ" అనేది.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక చేపలవాళ్ళ పల్లెలో మా పని మొదలైంది. ఆ ఊరి ఆశా కార్యకర్త మాకు సాయం. ఆమె అన్నదమ్ములూ మొగుడూ అందరూ వేటకు వెళ్ళేవాళ్ళే. ఫారాలు ఆమె నింపేది, సీసాల మీద నంబర్లు నేను అతికించేవాణ్ణి. మధ్యాహ్నానికి ఫారాలు సర్దుకుంటుంటే చూశాను. ప్రతి ఫారం మార్జిన్లో పెన్సిలుతో ఏదో గీకి ఉంది. ఒకదాని మీద 'తెల్లోడు', ఒకదాని మీద 'ఐసుకొట్టు పక్కోడు', ఇంకోదాని మీద 'గూనోడు'.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"పేర్లండి."

"పేరుకి గడి ఉందిగా."

"ఆ గడీలో రాసింది దేవుడికి సెప్పుకునే పేరు బాబూ. మాం పిలిసేది ఇది."

"మార్జిన్లో చెత్త రాయకూడదమ్మా. స్కానింగు మిషను తీసుకోదు."

"మిషను తీసుకోదని మనుసులకి పేర్లు మానేత్తామేటండి?" అని నవ్వింది. ఆమె నవ్వితే చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. యూనివర్సిటీ గుర్తింపు కార్డు మెడలో వేసుకున్నవాణ్ణి చూసి నవ్వుతారా అని. ఆఫీసుకి వచ్చాక నాలుగు రోజులు కూర్చుని, ఆ ఊరి ఫారాల మార్జిన్లన్నీ స్వయంగా చెరిపేశాను. మూడు రబ్బర్లు అరిగిపోయాయి. స్కానింగు మిషను ఒక్క ఫారం కూడా తిప్పికొట్టలేదు. నా జీవితంలో నేను అంత శ్రద్ధగా చేసిన తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఆ తరువాత నా అసలు ప్రతిభ చూపించాను. డేటా అంతా ఎక్కించాక సూత్రం వేశాను. ఇంటిపేరు, పేరు, వయసు, ఫోను, ఈమెయిలు, ఈ అయిదూ కలిస్తే అది రెండోసారి వచ్చిన బస్తా. మొదటిది ఉంచు, మిగతావి తీసెయ్. ఆ ఒక్క పల్లె నుంచే అరవై ఒక్క వరసలు ఎగిరిపోయాయి. నాకు మిల్లు గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది. ఆ ఆశా కార్యకర్త ఒకే మనిషిని రెండేసి మూడేసి సార్లు రాసిందని, ఆ నవ్వుకి ఇదే జవాబని అనుకున్నాను.

ఇక్కడ చదివేవాళ్ళకి ఆ ఊరి పద్ధతి చెప్పాలి. అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అక్కడ ఇంటి పెద్దకొడుకుకి తాత పేరు పెడతారు. తాతకి అయిదుగురు కొడుకులుంటే, ఆ అయిదుగురి పెద్దకొడుకులకీ అదే పేరు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. వయసు అడిగితే ఆ వరస వాళ్ళంతా "నలభై ఏసుకోండి" అన్నారు. ఫోను అడిగితే ఐసుకొట్టు నంబరు ఇచ్చారు. వేటకు వెళ్ళిన చోటల్లా సిమ్ము మారుస్తారు, మారనిది ఐసుకొట్టు ఒక్కటే. ఇక ఈమెయిలు. అయిదుగురికీ 'లేదు'. నా సూత్రానికి అది కూడా ఒక పోలికే. వాళ్ళని విడదీయగలిగింది తండ్రి పేరు ఒక్కటే, దాన్ని సమావేశంలో తీసేశాం. రెండోది మార్జిన్లో ఉండేది, దాన్ని నేను చెరిపేశాను.

ఆ పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు ఉపయోగం లేదు, నాకే ఉపయోగపడలేదు.

రెండో ఏడాది చివర మహానగరంలో, ఒక హోటల్లో సమీక్ష జరిగింది. ఆరు కేంద్రాల్లోకీ అతి శుభ్రమైన డేటా మాదేనని తేలింది. డూప్లికేట్లు సున్నా. వేదిక మీదకు పిలిచి శాలువా కప్పారు, జీడిపప్పు బొమ్మ ఉన్న జ్ఞాపిక ఇచ్చారు. ప్రొఫెసరు గారు నా భుజం తట్టి, "ఇటువంటి స్వయంకృషితో ఎదిగినవాళ్ళే మన నెట్‌వర్క్‌కి వెన్నెముక" అన్నారు. ఆ వెన్నెముక ఆ పూట రెండు స్వీట్లు ఎక్కువ తిన్నది.

తిరిగొచ్చాక ఫలితాల ఉత్తరాలు పంపాం. 'మీ కిడ్నీల పనితీరు బాగుంది' అని కొందరికి, 'వెంటనే ఆసుపత్రికి రండి' అని కొందరికి. ప్రొఫెసరు గారికి తీరిక లేక ఆయన తరఫున సంతకాలు నేనే చేశాను.

నాలుగు నెలలు పోయాయి. ఒకరోజు ఉదయం టెక్నీషియను నోటు పుస్తకం తెచ్చి నా బల్ల మీద పడేసింది.

"ఈ సీసా మనిషి ఆసుపత్రికి రానేదండి. మిగతా అందరూ ఒచ్చారు. ఉత్తరం పంపారా?"

నంబరు కొట్టి చూశాను. "ఈ నంబరు డేటాలో లేదమ్మా. నువ్వు పొరపాటుగా రాసుంటావు."

"నేదా? మరి ఆ రక్తం ఎవులిదండి, నాదా?"

"ఉన్నవాటిని లేవంటానా?"

"అంటారు. శాలువా కప్పినకాడ్నించి ఏదైనా అంటారు. ఒకసారి బాగా సూడండి మాస్టారూ. ఈ నంబరు ఉన్నోడి రక్తం అస్సలు బాగోనేదు."

తీసేసిన వరసలు నేను పారేయను, మిల్లు అలవాటు. విడిగా దాచుకున్న ఫైలు తెరిచాను. ఆ సీసా నంబరు అందులో ఉంది. దాని పైనా కిందా అదే పేరుతో ఇంకో మూడు. నాలుగూ వేరు వేరు సీసాలు, నాలుగు రకాల ఫలితాలు. ఒకే మనిషికి ఒకే పూట నాలుగు రకాల రక్తం ఉండదు. ఉంచిన వరసతో కలిపితే అయిదు. అప్పటికి నాకు అర్థమైంది, నేను తీసేసినవి బస్తాలు కావని.

అరవై ఒక్క సీసాలనూ ఆమె పుస్తకంతో సరిచూశాం. ప్రమాదంలో ఉన్నది ఆ ఒక్కడే. ఆ ఒక్కడు అయిదుగురిలో ఎవడు?

ఐసుకొట్టుకి ఫోను చేశాను. పేరు చెప్పాను.

"ఏ ఆయన కావాలండి? ఆ పేరోళ్ళు అయిదుగురున్నారు."

"నలభై ఏళ్ళాయన."

"అయిదుగురూ నలభయ్యేనండి. బేగి సెప్పండి, ఐసు కరిగిపోతన్నాది."

ఆశా కార్యకర్తకి చేశాను. ఆమె విషయం వింది. "నాను రాసిన ఫారాలు అట్టుకుని రండి బాబూ. బేగి రండి. ఆళ్ళు గుజరాతు వేటకి ఎల్పోతన్నారు. ఒకలు ఇయ్యాలే రైలెక్కుతారు" అంది. గుజరాతు బోట్లలోకి వెళితే ఎనిమిది నెలలు నీళ్ళ మీదే. నడుం నొప్పికి రోజూ నొప్పి మాత్రలు మింగుతూ వలలు లాగుతారు. పాడైన కిడ్నీలకి ఆ మాత్రలంత చేటు ఇంకోటి లేదని టెక్నీషియను నాకు జీపు ఎక్కకముందే చెప్పింది. చెప్పడం కాదు, తిట్టింది.

ఫారాల కట్టలు స్టోరు గదిలో లేవు. తనిఖీ బృందం వస్తోందని ఎవరో వాటిని ఆటల గదిలోకి మార్చారు. హాకీ కర్రల కింద దొరికాయి. ఆ నంబరు ఫారం తీశాను. మార్జిను మల్లెపువ్వులా ఉంది.

పల్లెకు చేరేసరికి పది దాటింది. ఆశా కార్యకర్త అరుగు మీద ఆ పేరుగలవాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగురి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక్కో కాగితం. చూస్తే నా ఉత్తరమే. 'మీ కిడ్నీల పనితీరు బాగుంది.' కింద నా సంతకం.

"ఇదెలా వచ్చింది అందరికీ?" అన్నాను.

"ఉత్తరం ఒకటే వొచ్చిందండి" అన్నాడొకడు. "పేరు మా అయిదుగురిదీ కదా. శ్రీకూర్మం ఎల్లి జెరాక్సు తీయించినాం. తలా ఒకటి."

"అసలుది?"

"అది అయిదోవోడు, మా అన్న కాడున్నాది. పొద్దున్నే ఎల్పోయినాడు. బోటు సేటు ఒంటికి బాగున్నట్టు కాయితం అడుగుతాడు కదేటండి, మీ కాయితం బాగా పనికొచ్చింది."

అరవై ఒక్క డూప్లికేట్లు తీసేసి శాలువా కప్పించుకున్నవాణ్ణి నేను. అందులో నాలుగింటిని ఊరు జెరాక్సు తీసి మళ్ళీ పెట్టింది. నా సూత్రం కన్నా జెరాక్సు షాపువాడి లెక్కే సరిగ్గా ఉంది, అయిదుగురికి అయిదు.

"నలుగురికీ మళ్ళీ రక్తం తీస్తాను, ఈళ్ళెవరూ కాకపోతే అయిదోవాడే" అని టెక్నీషియను సూదులు తీస్తోంది. ఫలితం రావాలంటే ల్యాబుకి వెళ్ళాలి, సాయంత్రమవుతుంది. రైలు మధ్యాహ్నం. ఆశా కార్యకర్త నా చేతిలోంచి ఫారం లాక్కుంది.

"ఇదేటి బాబూ, తెల్లగున్నాది?"

"చెరిపేశాను."

"ఎవులు సెరిపీమన్నారు?"

"మిషను."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గుమ్మంలో ఎండ పడుతున్న చోటికి వెళ్ళి, కాగితం కళ్ళకి అడ్డంగా పెట్టుకుని అటూ ఇటూ వంచింది. "నాను పెన్సిలు నొక్కి రాత్తానండి. మా మేష్టారు సిన్నప్పుడు దానికే కొట్టీవోరు" అంది. తరవాత వేలితో మార్జిను తడిమింది. "యె... డ... మ..." అని ఆగిపోయింది.

అరుగు మీద ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"యెడంసేతోడు" అన్నాడు జెరాక్సు సంగతి చెప్పినవాడు. కవరు కిందకి దించేశాడు. "మా అన్నే."

ఆశా కార్యకర్తనీ ఎక్కించుకుని శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి జీపు ఎలా వెళ్ళిందో డ్రైవరుకే తెలియాలి. దారిలో ప్రొఫెసరు గారికి ఫోను చేశాను. అంతా విని, "మనిషిని ఆపండి, కానీ రాతపూర్వకంగా ఏమీ ఇవ్వకండి. సవరణ అనేది కమిటీ ద్వారా రావాలి" అన్నారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందన్నాను. వచ్చే నెల అన్నారు. వెనక సీట్లోంచి టెక్నీషియను, "రైలు కూడా వచ్చే నెల రమ్మని సెప్పండి" అంది. ఫోను ఇంకా పెట్టెయ్యలేదు నేను.

ప్లాట్‌ఫారం మీద ఇరవై మంది దాకా ఉన్నారు, సంచులూ దుప్పట్లూ ఎండుచేపల మూటలూ. ఆశా కార్యకర్త పిలిస్తే ఒకడు తిరిగాడు. ఎడం చేత్తో బీడీ పడేశాడు. నేను చెప్పవలసింది చెప్పాను. నెమ్మదిగా విన్నాడు. సంచిలోంచి కవరు తీశాడు.

"సారూ, ఈ కాయితం మీద సంతకం ఎవులిది?"

"నాదే."

"ఇప్పుడు సెప్తన్న నోరెవులిది?"

"అదీ నాదే."

"మరి నాను ఏది నమ్మాల?"

ఆశా కార్యకర్త అందుకుంది. "ఒరే, ఆగిపోరా. పెళ్ళాం పిల్లలున్నోడివి."

"నువ్వు సెప్తావులే అప్పా. ఎనిమిది నెల్ల వేట ఒగ్గీమంటావు. రేపు ఇంకో సారొచ్చి నీకేటీ నేదురా, ఎల్లుమంటే ఏ రైలెక్కాల నాను?" మళ్ళీ నా వైపు తిరిగాడు. "అలగైతే రాసియ్యండి. ఈ కాయితం తప్పని, తప్పు ఎవులిదో, మీ సేత్తో రాసియ్యండి."

రైలు వస్తున్నట్టు మైకులో చెప్పారు. కాగితం కోసం జేబులు వెతికాను, లేదు. ఆ ఉత్తరాన్నే తిప్పి, టెక్నీషియను నోటు పుస్తకం కింద పెట్టుకుని రాశాను. 'ముందువైపు రాసినది ఇతనికి సంబంధించినది కాదు. ఇతని రక్త ఫలితం బాగాలేదు. వెంటనే వైద్యం కావాలి. తప్పు నాది.' సంతకం చేసి ఇచ్చాను. అతనికి చదవడం రాదు. ఆశా కార్యకర్తకి ఇచ్చి, "సదువప్పా" అన్నాడు. ఆమె చదివింది. 'తప్పు నాది' దగ్గర అతను చెయ్యెత్తి ఆపాడు.

"అలగే రాసాడేటి?"

"అలగే రాసాడ్రా."

రైలు వచ్చి ఆగింది. తోటివాళ్ళు "బేగి ఎక్కరా" అని కేకలు వేస్తున్నారు. అతను కదల్లేదు. "ఆపీసోడు తప్పు నాదని రాయడం నా పేనంలో సూణ్ణేదు. అయితే ఇది నిజంగా పెద్ద జబ్బే" అని సంచి కింద పెట్టేశాడు.

ఆ సాయంత్రమే మళ్ళీ పరీక్ష చేశాం. నోటు పుస్తకంలో ఉన్నదే వచ్చింది. డాక్టర్లు నొప్పి మాత్రలు మాన్పించారు, మందులు మొదలుపెట్టారు. జబ్బు పోలేదు, అది పోయే జబ్బు కాదు. కానీ పెరగడం ఆగింది. గుజరాతు మానేసి తీరంలోనే చిన్న తెప్ప మీద వెళుతున్నాడు. ఎనిమిది నెలల వేట పోయిందని ఇప్పటికీ నన్ను కనిపించినప్పుడల్లా దెప్పుతాడు. దెప్పడానికి మనిషి ఉన్నాడు, అది చాలు నాకు.

అరవై ఒక్కరినీ తిరిగి డేటాలో పెట్టి నెట్‌వర్క్‌కి ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది, 'మీ కేంద్రంలో డేటా నాణ్యత ఆకస్మికంగా క్షీణించినట్లు గమనించాము' అని. ఆరు కేంద్రాల్లో మాకు ఆరో స్థానం. ఫారంలో తండ్రి పేరుకీ, పిలుపు పేరుకీ గడులు పెట్టమని అడిగాను. పిలుపు పేరు శాస్త్రీయం కాదన్నారు. కొత్త ఫారంలో ఒక గడి మాత్రం కలిపారు: రెండో ఈమెయిలు. ఆ మరుసటి ఏడాది నిధులు ఆగిపోయాయి, నా ఉద్యోగమూ ఆగింది. శాలువా మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు. చలికాలంలో పనికొస్తోంది.

పిల్లలూ, సూత్రాలు మీకు నాకన్నా బాగా వచ్చు. ఒక్కటే చెబుతాను. రెండు వరసలు ఒకేలా కనిపిస్తే, చెరిపే ముందు ఆ ఊరికి ఒక ఫోను చేయండి. ఐసు కరుగుతోందని విసుక్కుంటారు, ఫరవాలేదు.

మొన్న ఆ పల్లె వెళ్ళాను. ఆశా కార్యకర్త తన నంబర్ల పుస్తకం తీసి నా కొత్త ఫోను నంబరు రాసుకుంది. నా పేరుతో ఆ పుస్తకంలో అప్పటికే ఇద్దరున్నారు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, పెన్సిలు నొక్కిపట్టి మార్జిన్లో ఏదో రాసింది. తొంగిచూశాను. 'రబ్బరాయన' అని ఉంది.

చెరపమని అడగలేదు.